పశువులు, యజమానుల రికార్డులకు ఏ డేటాబేస్ పెట్టాలి? (3 కంప్యూటర్లు, 6,000 కార్డులు)

తెనాలి_క్లినిక్

ప్రైవేటు పశువైద్య క్లినిక్ కోసం అడుగుతున్నాను. ఉదయం కుక్కలు, పిల్లులు వస్తాయి. మధ్యాహ్నం నుంచి చుట్టుపక్కల ఊళ్లలో గేదెలు, ఆవులు, అప్పుడప్పుడు గొర్రెల మందలు చూస్తారు. రోజుకు సగటున 40 కేసులు. అట్ట కార్డులు సుమారు 6,000 ఉన్నాయి. నాలుగేళ్లుగా ఒక ఎక్సెల్ ఫైలు నడుస్తోంది. కౌంటర్‌లో, డాక్టర్ గదిలో, మందుల గదిలో ఒక్కో కంప్యూటర్, మూడూ విండోసే.

ఎక్సెల్‌తో తిప్పలు ఇవి: ఒకరు తెరిస్తే మిగతావాళ్లకు రీడ్ ఓన్లీ వస్తుంది. ఒకే మనిషి పేరు నాలుగు రకాలుగా పడింది. గేదె అమ్ముడుపోతే దాని చరిత్ర ఎవరి కింద ఉంచాలో తెలియడం లేదు. చెవి పోగు నంబర్లు కొన్ని గడుల్లో దశాంశం, మధ్యలో ఇంగ్లిష్ 'ఈ' అక్షరంతో కనిపిస్తున్నాయి.

యాక్సెస్, లిబ్రేఆఫీస్ బేస్, మైఎస్క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, లేదా రెడీమేడ్ సాఫ్ట్‌వేర్, వీటిలో ఏది మేలు? ఇంటర్నెట్ ఒక్కోసారి పూటంతా ఉండదు కాబట్టి పూర్తిగా ఆన్‌లైన్ మీద ఆధారపడేది వద్దు. ఫోన్ నంబరు కొట్టగానే ఆ ఇంటి జంతువులన్నీ రావాలి, టీకా తేదీ దగ్గరపడితే మెసేజ్ వెళ్లాలి. ఫారాలు, క్వెరీలు (డేటాలోంచి కావాల్సింది వెతికి తీసే ఆదేశాలు) కొద్దిగా తెలిసిన మనిషి ఒకరు ఉన్నారు.

పట్టికల_మనిషి

సాఫ్ట్‌వేర్ పేరు తేల్చుకునే ముందు ఒక కాగితం మీద పట్టికలు గీయండి. పట్టికలు తప్పుగా ఉంటే ఎంత మంచి డేటాబేస్ అయినా మీ ఎక్సెల్ లాగే తయారవుతుంది.

అందరూ చేసే మొదటి పొరపాటు: జంతువు పట్టికలోనే యజమాని పేరు, ఫోను కాలమ్‌లుగా పెట్టేయడం. కాస్త తెలిసినవాళ్లు యజమాని పట్టిక విడిగా పెట్టి, జంతువు వరుసలో యజమాని నంబరు ఒకటి ఉంచుతారు. అదీ చాలదు. గేదె సంతలో చేతులు మారిన రోజున ఆ నంబరు మారుస్తారు, దాంతో పాత యజమాని కట్టిన బిల్లులన్నీ కొత్తవాడి పేరు మీద కనిపిస్తాయి. కాబట్టి మధ్యలో మూడో పట్టిక ఉండాలి. దాన్ని 'యాజమాన్యం' అనుకుందాం. అందులో జంతువు నంబరు, మనిషి నంబరు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు, ఏ హోదాలో అన్నవి ఉంటాయి. ప్రస్తుత యజమానికి 'వరకు' గడి ఖాళీ. హోదా ఎందుకంటే, గేదె ఒకరిది, మేపేది ఇంకొకరు అన్న ఒప్పందాలు మన ఊళ్లలో మామూలే. కుక్క విషయంలో తండ్రి పేరు మీద కార్డు ఉంటుంది, తీసుకొచ్చేది కూతురు. ముఖ్య యజమాని, మేపేవారు, తెచ్చేవారు, ఈ మూడు హోదాలు చాలు.

రెండో పొరపాటు చెవి పోగు నంబరునే, లేదా మైక్రోచిప్ నంబరునే జంతువు అసలు గుర్తుగా వాడటం. పోగు ఊడిపోతుంది, కొత్తది కొత్త నంబరుతో వేస్తారు. చాలా జంతువులకు అసలు పోగే ఉండదు. అందుకని జంతువుకు డేటాబేస్ తానే ఇచ్చే అర్థం లేని వరుస నంబరు ఒకటి ఉండాలి. అది ఎప్పటికీ మారదు. పోగులు, చిప్‌లు 'గుర్తింపులు' అనే వేరే పట్టికలోకి పోవాలి: రకం, నంబరు, వేసిన తేదీ, తీసేసిన లేదా ఊడిన తేదీ. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చినప్పుడు పాలసీ మీద పాత పోగు నంబరు, గేదె చెవికి కొత్తది ఉంటే, రెండూ ఒకే గేదెవని చూపించేది ఈ పట్టికే.

నంబర్లు అన్నీ టెక్స్ట్‌గానే దాచండి. పశువుల పోగు మీద 12 అంకెలు. ఐఎస్ఓ 11784 ప్రకారం మైక్రోచిప్‌కు 15 అంకెలు, మొదటి మూడూ దేశం కోడ్ లేదా తయారీదారు కోడ్. భారత్ కోడ్ 356. తయారీదారు కోడ్లు 900 నుంచి మొదలవుతాయి. పోగు అయితే సరిగ్గా 12, చిప్ అయితే సరిగ్గా 15, అంకెలు తప్ప ఇంకేమీ ఉండకూడదు అన్న నిబంధన డేటాబేస్‌లోనే పెట్టండి. ఫారంలో మాత్రమే పెడితే, రేపు ఎవరైనా నేరుగా ఇంపోర్ట్ చేసినప్పుడు 11 అంకెల పోగు దూరిపోతుంది. చిప్ రీడర్లు చాలావరకు కీబోర్డులాగే అంకెలు పంపి చివర్లో ఎంటర్ కొడతాయి, ఆ గడిలో కర్సర్ ఉంటే చాలు.

వయసు ఎప్పుడూ రాయవద్దు. పుట్టిన తేదీ, పక్కన 'అంచనా' అన్న టిక్కు. 'మూడేళ్లు' అని 2021లో రాసిన కుక్క ఈరోజుకూ మూడేళ్లదే అయి కూర్చుంటుంది. బరువు కూడా జంతువు వరుసలో ఉండకూడదు. తేదీతో విడి పట్టికలో ఉండాలి, మోతాదు లెక్కకు వాడేది చివరి బరువు. ఆ బరువు ఎప్పటిదో కూడా ఫారం మీద పక్కనే కనిపించాలి. ఆరు నెలల కిందటి కుక్కపిల్ల బరువుతో ఈరోజు మోతాదు కట్టడం ప్రమాదం.

మగ, ఆడ ఒక గడి. ఆపరేషన్ అయిందా లేదా ఇంకో గడి. రెండూ కలిపి ఒకే జాబితాగా పెట్టకండి.

ఫోన్ నంబరుకు 'ఒకసారే ఉండాలి' అన్న నిబంధన పెట్టవద్దు. అన్నదమ్ములు ఇద్దరు ఒకే ఫోను ఇస్తారు, ఒకే మనిషి మూడు నంబర్లు ఇస్తాడు. ఫోన్లకు విడి పట్టిక పెట్టి, ఏ నంబరుకు మెసేజ్ పంపాలో టిక్కు పెట్టండి. నంబరు కొట్టినప్పుడు ఇద్దరు వస్తే ఇద్దరినీ చూపించాలి, కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఎంచుకుంటారు.

ఇక ఫారంలో అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది ఒకటే గడి: హెచ్చరిక. కరుస్తుంది, ఫలానా ఇంజెక్షన్ పడదు, చూడితో ఉంది, ఇలాంటివి. అది నోట్స్ మధ్యలో ఎక్కడో ఉంటే లేనట్టే.

సర్వర్_గది

పట్టికలు పైన చెప్పినట్టే. నేను సాఫ్ట్‌వేర్ సంగతి చెబుతాను.

మీ లెక్క చూద్దాం. రోజుకు 40 కేసులు, ఏడాదికి 300 రోజులు అంటే 12,000 వరుసలు. ఒక్కోటి 1 కేబీ అనుకున్నా ఏడాదికి 12 ఎంబీ. ఏ డేటాబేస్‌కైనా ఇది చిన్న పనే. కాబట్టి 'ఎక్కువ డేటా తట్టుకుంటుందా' అన్న ప్రశ్న పక్కన పెట్టేయండి. అడగాల్సినవి మూడు: ముగ్గురు ఒకేసారి రాస్తే ఏమవుతుంది, రాస్తుండగా కరెంటు పోతే ఏమవుతుంది, తప్పు డేటాను అది ఆపుతుందా.

లిబ్రేఆఫీస్ బేస్: దాని సొంత డేటాబేస్‌తో వాడితే మొత్తం డేటా ఒకే ఫైల్‌లో చుట్టి ఉంటుంది. ఒక్కరే వాడగలరు. మధ్యలో కరెంటు పోతే ఫైలే పాడవచ్చు. సొంత డేటాబేస్‌గా అసలు వద్దు. అయితే పోస్ట్‌గ్రెస్ మీద ఫారాలు గీసే పనిముట్టుగా బాగా పనికొస్తుంది, లైసెన్సు ఖర్చూ లేదు.

ఎస్క్యూలైట్: ఒక్క ల్యాప్‌టాప్ మీద అయితే దీన్ని మించింది లేదు. కానీ ఆ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి మూడు కంప్యూటర్ల నుంచి తెరవకండి. నెట్‌వర్క్ ఫోల్డర్ల మీద ఫైల్ లాక్‌లు నమ్మకంగా పనిచేయవు, ఫైలు పాడవుతుంది. దీనిలో ఇంకో చిక్కుంది. ఫారిన్ కీ తనిఖీ (ఒక పట్టికలో రాసిన నంబరు రెండో పట్టికలో నిజంగా ఉందో లేదో చూడటం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేయాలి. మర్చిపోతే, లేని యజమాని నంబరుతో కూడా వరుసలు పడతాయి.

మైఎస్క్యూఎల్: పనిచేస్తుంది. తెలుగుకు 'యూటీఎఫ్8ఎంబీ4' అన్న పేరున్న అక్షరమాలే ఎంచుకోండి. వెర్షన్ 8.0.16 కంటే పాతది అయితే చెక్ నిబంధనలను (గడిలో ఏది పడవచ్చో చెప్పేవి) చదివి, ఊరుకుంటుంది. తప్పు చెప్పదు, అమలూ చేయదు. 12 అంకెల నిబంధన పెట్టామని మీరు నిశ్చింతగా ఉంటారు, లోపల ఏ తనిఖీ జరగదు.

పోస్ట్‌గ్రెస్: నా ఓటు దీనికే. కారణం ఒకటి ప్రత్యేకంగా మీ పనికి సంబంధించింది. 'ఒక జంతువుకు, ముగింపు తేదీ లేని ముఖ్య యజమాని ఒక్కరే ఉండాలి' అన్న నిబంధనను షరతుతో కూడిన యూనిక్ ఇండెక్స్‌గా ఒక్క లైనులో పెట్టవచ్చు. గేదె కొత్తవాడి పేరున ఎక్కించేటప్పుడు పాతవాడి 'వరకు' తేదీ వేయడం మర్చిపోతే డేటాబేస్ ఒప్పుకోదు. మైఎస్క్యూఎల్‌లో ఇది నేరుగా లేదు, తిప్పలు పడి చేయాలి. రెండో కారణం: దగ్గరి పేర్లను వెతికే 'ట్రైగ్రామ్' ఎక్స్‌టెన్షన్ దానితోనే వస్తుంది. వెంకటేశ్వర్లు అని కొడితే వెంకటేశ్వరరావూ, వెంకటేశూ జాబితాలోకి వస్తారు.

ఏర్పాటు ఇలా: మందుల గదిలోని కంప్యూటర్‌ను సర్వర్ చేయకండి, ఎవరో ఒకరు సాయంత్రం ఆపేసి వెళతారు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న పాత కంప్యూటర్ ఒకటి విడిగా, యూపీఎస్ మీద పెట్టండి. దానికి మారని ఐపీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ చిరునామా) ఇవ్వండి. రౌటర్‌కూ మూడు కంప్యూటర్లకూ కేబుల్ లాగండి. డేటాబేస్ తయారుచేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని చూసుకోండి. మొదటి రోజు అందరూ ఆగిపోయే చోటు ఒకటుంది: ఇన్‌స్టాల్ చేశాక సర్వర్ మీద పనిచేస్తుంది, పక్క కంప్యూటర్ నుంచి కనెక్ట్ కాదు. మూడుచోట్ల చూడాలి. వినే అడ్రసుల సెట్టింగ్ 'లోకల్‌హోస్ట్' దగ్గరే ఆగి ఉండవచ్చు. అనుమతుల ఫైల్‌లో మీ లోపలి నెట్‌వర్క్ శ్రేణి రాసి ఉండకపోవచ్చు. విండోస్ ఫైర్‌వాల్ 5432 పోర్టును ఆపి ఉండవచ్చు. ఆ పోర్టును రౌటర్ నుంచి బయటి ఇంటర్నెట్‌కు మాత్రం తెరవకండి.

రెడీమేడ్‌లో ఓపెన్ సోర్స్‌వి రెండు చూడదగ్గవి. ఓపెన్‌వీపీఎంఎస్ పశువైద్య క్లినిక్‌ల కోసమే ఆస్ట్రేలియాలో మొదలైంది. జావా, టామ్‌క్యాట్, మైఎస్క్యూఎల్ మీద నడుస్తుంది. అపాయింట్‌మెంట్లు, స్టాకు, బిల్లులు అన్నీ ఉన్నాయి కానీ ఏర్పాటు చేయడానికి ఓపిక కావాలి. యానిమల్ షెల్టర్ మేనేజర్ ఆశ్రయ కేంద్రాల కోసం రాసింది. జంతువు రావడం, దత్తతకు వెళ్లడం చుట్టూ అల్లుకుని ఉంటుంది. వీధి కుక్కల ఆశ్రయం నడిపేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది, మీకు కాదు. రెండూ గేదె ఈతలు, చూడి పరీక్షల గురించి ఆలోచించి రాసినవి కావు.

యాక్సెస్_బాట

పోస్ట్‌గ్రెస్ మంచిదే, ఒప్పుకుంటాను. కానీ అడిగినవారి దగ్గర ఉన్నది ఫారాలు, క్వెరీలు కొద్దిగా తెలిసిన మనిషి. యాక్సెస్‌ను తీసిపారేయకండి. ముగ్గురికి అది చాలు, పద్ధతిగా పెడితే.

పద్ధతి అంటే ఇది. మొదట ఫైల్‌ను రెండుగా విడగొట్టాలి. 'డేటాబేస్ టూల్స్'లో ఆ పనికే బటన్ ఉంది. పట్టికలున్న వెనక ఫైలు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది, ఫారాలున్న ముందు ఫైలు ప్రతి కంప్యూటర్‌లో విడి కాపీగా ఉంటుంది. ముందు ఫైల్‌ను కూడా షేర్‌లోనే పెట్టి ముగ్గురూ అదే తెరవడం వల్లే సగం ఫిర్యాదులు. తర్వాత, వైఫై మీద యాక్సెస్ నడపకూడదు. రాస్తుండగా సిగ్నల్ ఒక్క క్షణం తెగినా వెనక ఫైలు పాడవుతుంది. వారానికోసారి అందరూ బయటికి వచ్చాక 'కాంపాక్ట్ అండ్ రిపేర్' చేయాలి, దానికి ముందు కాపీ తీసుకోవాలి. ఫారాలు గీసే కంప్యూటర్ ఒక్కదానికే పూర్తి యాక్సెస్ కొనండి, మిగతా రెండింటికి ఉచితంగా దొరికే రన్‌టైమ్ (తయారైన ఫారాలను నడపడానికి మాత్రమే పనికొచ్చే యాక్సెస్) సరిపోతుంది.

ఫైలు హద్దు 2 జీబీ. పైన లెక్క ప్రకారం రాత డేటాతో అది నిండదు. ఫొటోలు, ఎక్స్‌రేలు అటాచ్‌మెంట్ గడిలో పెడితే మాత్రం చూస్తుండగానే నిండుతుంది. వాటిని జంతువు నంబరు పేరుతో ఉన్న ఫోల్డర్లలో ఉంచి, డేటాబేస్‌లో దారి మాత్రమే రాయండి.

సర్వర్_గది

మీరు చెప్పిన క్రమశిక్షణ అంతా పాటిస్తే యాక్సెస్ నడుస్తుంది, కాదనను. నా భయం కరెంటు గురించి. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందు లాగ్‌లో రాసి తర్వాత పట్టికలో రాస్తుంది. కరెంటు పోయి వస్తే లాగ్ చదువుకుని తానే కోలుకుంటుంది. యాక్సెస్ వెనక ఫైల్‌కు ఆ రక్షణ లేదు.

రెండూ కలపండి: డేటా పోస్ట్‌గ్రెస్‌లో, ఫారాలు యాక్సెస్‌లో, మధ్యలో రెండిటినీ కలిపే ఓడీబీసీ డ్రైవర్. అప్పుడు గుర్తుంచుకోవాల్సినవి: ఆఫీస్ 32 బిట్ అయితే డ్రైవరూ 32 బిట్‌దే కావాలి, 64 అయితే 64. డ్రైవర్ రెండు పేర్లతో కనిపిస్తుంది, 'యూనికోడ్' అన్నది ఎంచుకోకపోతే తెలుగు పేర్ల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. వరుస నంబరు కాలమ్‌ను మామూలు ఇంటీజర్‌గా పెట్టండి, బిగ్‌ఇంట్ (మరీ పెద్ద సంఖ్యల రకం) వద్దు. బిగ్‌ఇంట్ తెలియని యాక్సెస్ వెర్షన్లలో గడులన్నీ 'డిలీటెడ్' అని కనిపించి, డేటా పోయిందని గుండె ఆగినంత పని అవుతుంది. డేటా ఎక్కడికీ పోదు, యాక్సెస్‌కు ఆ కీ చదవడం రాదు, అంతే. టిక్కు గడుల కోసం డ్రైవర్ సెట్టింగ్‌లో 'బూల్స్ యాజ్ క్యారెక్టర్' తీసేసి, 'ట్రూ ఈజ్ మైనస్ వన్' పెట్టండి.

గేదెల_డాక్టర్

ఇప్పటిదాకా కుక్కల క్లినిక్ కళ్లతోనే మాట్లాడుకున్నాం. పాడి పశువులకు నాలుగు విషయాలు కలపాలి.

కృత్రిమ గర్భధారణ, చూడి, ఈత: వీటికి విడి పట్టిక కావాలి. ఎదకు వచ్చిన తేదీ, సూది వేసిన తేదీ, ఏ ఆబోతు వీర్యం, స్ట్రా నంబరు, ఎన్నోసారి, చూడి పరీక్ష తేదీ, ఫలితం, ఈనిన తేదీ, దూడ మగదా పెయ్యా. సూది తేదీ ఒక్కటి ఉంటే గుర్తుచేయాల్సిన మిగతా తేదీలన్నీ క్వెరీ లెక్కేస్తుంది. సుమారు 21 రోజులకు మళ్లీ ఎదకు వచ్చిందేమో చూడాలి, 60 నుంచి 90 రోజుల మధ్య చూడి పరీక్ష చేయాలి, ఆవుకు సుమారు 280 రోజులకు, గేదెకు సుమారు 310 రోజులకు ఈత. ఆవు లెక్కే గేదెకూ వాడితే రైతుకు నెల ముందే 'రేపో మాపో ఈనుతుంది' అని మెసేజ్ పోతుంది. ఈ రోజుల సంఖ్యలను క్వెరీలో రాయకుండా జాతుల పట్టికలో ఉంచండి. పుట్టిన పెయ్య కూడా జంతువే, తల్లి నంబరుతో కొత్త వరుస పడాలి.

పాలు: యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు 'కేంద్రంలో పాలు పోయకూడని చివరి తేదీ' గడి తప్పనిసరి చేయండి. సీసా మీద ఎన్ని రోజులని ఉందో మందుల పట్టికలో ఒకసారి రాస్తే, చివరి డోసు తేదీకి అది కలిపి ఫారం తానే చూపిస్తుంది, చీటీ మీద అచ్చు వేస్తుంది. లెక్క మొదటి డోసు నుంచి కాదు, చివరి డోసు నుంచి. ఇది ఆ పాలు తాగేవాళ్ల ఆరోగ్యం విషయం, ఖాళీగా వదిలే వీలు ఉండకూడదు.

మందలు: 120 గొర్రెలకు నట్టల మందు తాగిస్తే 120 వరుసలు ఎవరూ రాయరు. 'మంద' అనేది కూడా ఒక రికార్డు. జాతి, యజమాని, తలల సంఖ్య, సంఖ్య లెక్కించిన తేదీ. చికిత్స మందకు రాయవచ్చు, ఒక్క జంతువుకూ రాయవచ్చు, రెండిటిలో ఏదో ఒకటి తప్పక ఉండాలి అని నిబంధన పెట్టండి. మందలోంచి ఒక పొట్టేలు జబ్బు చేసి విడిగా వస్తే దానికి సొంత వరుస వేసి, 'ఏ మంద' గడిలో మంద నంబరు రాయండి.

టీకాలు: గాలికుంటుకు ఆరు నెలలకోసారి. బ్రూసెల్లా ఆడ దూడలకే, 4 నుంచి 8 నెలల వయసులో, ఒక్కసారే. కుక్కలకు రేబీస్ ఏటా. మూడూ మూడు రకాలు కాబట్టి 'మళ్లీ ఎన్ని రోజులకు' గడి ఖాళీగా ఉండే వీలు ఉండాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకుండా టీకా వరుస ఒప్పుకోకండి. ఒక బ్యాచ్‌తో ఏదైనా తేడా వస్తే ఏయే ఇళ్లకు ఫోన్ చేయాలో చెప్పేది ఆ గడే.

12 అంకెల పోగులు ప్రభుత్వ నమోదులోవి, ఇప్పుడు భారత్ పశుధన్‌లో, అంతకు ముందు ఇనాఫ్‌లో. మీ డేటాబేస్ దానికి బదులు కాదు, పక్కన ఉండేది. పోగు ఉన్న పశువుకు ఆ నంబరు తప్పులేకుండా రాసుకుంటే గోపాలమిత్రతో, ప్రభుత్వ పశువైద్యశాలతో మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఒకే గేదె గురించి మాట్లాడతారు.

చనిపోయిన జంతువును ఎప్పుడూ డిలీట్ చేయకండి. స్థితి, తేదీ, కారణం రాయండి. మెసేజ్ పంపే క్వెరీలో మొదటి షరతే 'బతికి ఉన్నవి' అని ఉండాలి. పదేళ్లు పెంచుకున్న కుక్క పోయిన ఇంటికి 'మీ టామీకి టీకా వేయించండి' అని వెళితే ఆ మనుషుల మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి.

తెనాలి_క్లినిక్

అందరికీ ధన్యవాదాలు. పోస్ట్‌గ్రెస్ వెనక, యాక్సెస్ ఫారాలు ముందు అని ఖాయం చేసుకున్నాం. ఇంకో మూడు ప్రశ్నలు. ఎక్సెల్ నుంచి ఎలా తీసుకురావాలి? ఊళ్లకు వెళ్లే ల్యాప్‌టాప్‌లో నెట్ లేకుండా ఎలా రాసుకోవాలి? పేర్లు తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

పట్టికల_మనిషి

ఎక్సెల్ నుంచి తెచ్చేటప్పుడు డేటా పాడయ్యే చోట్లు ముందే తెలుసుకోండి.

పోగు నంబర్లు. 11 అంకెలు దాటిన సంఖ్యను ఎక్సెల్ మామూలు ఫార్మాట్‌లో కుదించి చూపిస్తుంది. గడిలో అసలు అంకెలు ఇంకా ఉన్నాయి. కాలమ్‌ను 'నంబర్', దశాంశాలు సున్నా అని మార్చండి, 12 అంకెలూ తిరిగి కనిపిస్తాయి. అలా మార్చకుండా సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే కనిపించినంతే ఫైల్‌లోకి వెళుతుంది, చివరి అంకెలు పోతాయి, వాటిని ఇక తేలేరు. అందుకని ముందు అసలు ఫైల్ కాపీ తీయండి, తర్వాతే ముట్టుకోండి. చివర ఆరు, అంతకంటే ఎక్కువ సున్నాలున్న పోగు నంబరు కనిపిస్తే అది ఎప్పుడో ఇలా పాడైనదే, అట్ట కార్డు తీసి చూడాలి.

తేదీలు. కంప్యూటర్ ప్రాంతం సెట్టింగ్ అమెరికాది అయి ఉంటే, 05/03/2024 అని కొట్టినదాన్ని మే 3గా తీసుకుంటుంది. 25/03/2024 అయితే తేదీగా అర్థం కాక టెక్స్ట్‌గా వదిలేస్తుంది. కాలమ్ వెడల్పు పెంచి, అలైన్‌మెంట్ ఎవరూ మార్చలేదని చూసుకుని పరిశీలించండి: కుడివైపు అతుక్కున్నవి తేదీలు, ఎడమవైపువి టెక్స్ట్. ఒకే కాలమ్‌లో రెండూ ఉంటే, కుడివైపు ఉన్నవాటిలో రోజు, నెల తారుమారై ఉండవచ్చని అర్థం. సరిచేశాక సంవత్సరం, నెల, రోజు వరుసలో ఎగుమతి చేయండి.

సేవ్ చేసేటప్పుడు 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్నదే ఎంచుకోండి. ఉత్త 'సీఎస్‌వీ' అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది.

నేరుగా అసలు పట్టికల్లోకి ఇంపోర్ట్ చేయవద్దు. అన్నీ టెక్స్ట్ కాలమ్‌లే ఉన్న తాత్కాలిక పట్టిక ఒకటి చేసి అందులోకి పోయండి. అక్కడ ఫోన్లలో ఖాళీలు, ముందున్న +91, సున్నా తీసేసి 10 అంకెలు మిగల్చండి. తర్వాత ఫోన్ ప్రకారం గుంపులు చేసి, ఒక్కో గుంపులో ఎన్ని పేర్లున్నాయో చూడండి. ఒకే ఫోను, ఒకే ఊరు, దగ్గరి పేరు అయితే ఒకే మనిషి కావచ్చు, కానీ ఆ నిర్ణయం మనిషి చేయాలి, క్వెరీ కాదు. 6,000 కార్డులూ ఎక్కించనక్కర్లేదు. గత రెండేళ్లలో వచ్చినవి ముందు ఎక్కించండి, మిగతావి ఆ జంతువు మళ్లీ వచ్చిన రోజున. కార్డు నంబరు గడి మాత్రం ఉంచండి, బీరువాలో వెతకడానికి.

పేర్ల సంగతి. రెండు గడులు పెట్టండి, తెలుగు ఒకటి, ఇంగ్లిష్ ఒకటి. ఇంటి పేరు విడి గడి, ఊరు డ్రాప్‌డౌన్. తెలుగు యూనికోడ్‌లోనే కొట్టాలి. పాత అను ఫాంట్‌లలో కొట్టినవి తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే గుర్తులు, వెతికితే దొరకవు, ముందు కన్వర్టర్‌తో మార్చుకోవాలి. ఇంకొకటి, ఎవరికీ త్వరగా తట్టనిది: కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనిపించని 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అక్షరం వేస్తాయి. చూడటానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు డేటాబేస్‌కు వేర్వేరు. సేవ్ చేసే ముందు ఆ అక్షరాన్నీ, ముందూ వెనకా ఖాళీలనూ తీసేసిన రూపాన్ని వెతుకులాట కోసం ఇంకో గడిలో దాచండి.

సర్వర్_గది

ఊళ్లకు వెళ్లే ల్యాప్‌టాప్: ఉదయం బయలుదేరే ముందు జంతువులు, యజమానుల పట్టికల కాపీ అందులోకి దించండి, అది చదవడానికే. అక్కడ రాసే కొత్త కేసులు విడి పట్టికలోకి పడాలి, సాయంత్రం క్లినిక్‌కు వచ్చాక ఒక బటన్‌తో సర్వర్‌లోకి పోవాలి. క్లినిక్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే వరుస నంబరు రెండు వేర్వేరు గేదెలకు పడే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్ నంబర్లు 500001 నుంచి మొదలుపెడితే గొడవ ఉండదు. పాత కేసును ఊళ్లో దిద్దే వీలు ఇవ్వకండి, కొత్తది కలపడం మాత్రమే. రెండు వైపులా దిద్దితే ఎవరిది నిలవాలో తేల్చడం చాలా కష్టం.

బ్యాకప్: రాత్రి 9 గంటలకు టాస్క్ షెడ్యూలర్‌తో 'పీజీ డంప్' (పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే బ్యాకప్ పనిముట్టు) నడపండి, ఫైలు పేరులో తేదీ ఉండాలి. నడుస్తున్న సర్వర్ డేటా ఫోల్డర్‌ను కాపీ పేస్ట్ చేస్తే అది బ్యాకప్ కాదు, తిరిగి తెరుచుకోదు. రెండు పెన్‌డ్రైవ్‌లు మార్చి మార్చి వాడండి, ఒకటి ఎప్పుడూ క్లినిక్ బయట ఉండాలి. యజమానుల ఫోన్లు, చిరునామాలు ఉన్నాయి కాబట్టి పెన్‌డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేయండి. నెలకోసారి ఆ ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లో 'పీజీ రిస్టోర్' చేసి, నిన్నటి చివరి కేసు కనిపిస్తోందో లేదో చూడండి. ఎక్స్‌రే ఫోల్డర్ డంప్‌లోకి రాదు, దాన్ని విడిగా కాపీ చేయాలి. ఇది చాలామంది మర్చిపోయేది.

యాక్సెస్_బాట

మెసేజ్‌ల గురించి ఒక మాట. కంప్యూటర్ నుంచి మూకుమ్మడిగా ఎస్సెమ్మెస్ పంపాలంటే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నియమాల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థ పేరు, హెడర్ (పంపినవారిగా కనిపించే పేరు), మెసేజ్ నమూనా ముందే నమోదు చేయించాలి. నమూనాలో లేని ఒక్క మాట కలిపినా మెసేజ్ ఆగిపోతుంది. తెలుగు మెసేజ్ 70 అక్షరాల వరకే ఒక మెసేజ్, దాటితే ముక్కకు 67 చొప్పున లెక్క పడుతుంది. గుణింతం, వత్తు, పొల్లు అన్నీ విడి అక్షరాలుగానే లెక్కకు వస్తాయి. ఇంగ్లిష్‌కు 160. నమూనా రాసేముందు లెక్కపెట్టుకోండి, లేకపోతే టీకా గుర్తుచేసిన ప్రతిసారీ మూడేసి మెసేజ్‌ల డబ్బు పోతుంది. పంపిన ప్రతి మెసేజ్ తేదీతో ఒక పట్టికలో పడాలి, అదే టీకాకు మూడు రోజులు వరుసగా వెళ్లకుండా.

పట్టికల_మనిషి

ఒకటి మిగిలింది. ఎంత జాగ్రత్తగా ఎక్కించినా ఒకే మనిషికి రెండు కార్డులు పడతాయి. రెండూ కలిపే ఫారం మొదటి నెలలోనే తయారుచేసుకోండి. కలపడం అంటే రెండోదాన్ని డిలీట్ చేయడం కాదు. దాని యాజమాన్యం వరుసలు, ఫోన్లు, బిల్లులు మొదటి నంబరుకు మార్చి, రెండో వరుసలో 'ఇప్పుడు ఏ నంబరు' అన్న గడిలో మొదటి నంబరు రాయాలి. మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి, సగంలో ఆగితే ఏదీ మారకూడదు. పాత చీటీ పట్టుకుని రైతు వచ్చినప్పుడు, చీటీ మీది రెండో నంబరు కొట్టినా అతని గేదెలన్నీ కనిపించాలి.